నాలుగు కాళ్ళ ఆస్తి

ఆమధ్య ఒక శనివారం సాయంకాలం మన సంఘం పఠనాలయంలో నలుగురైదుగురం కూర్చుని వుండగా పత్రికలోని ఒక వార్త మీద చర్చ లేచింది. ఢిల్లీలో మహువా మోయిత్రా అనే పార్లమెంటు సభ్యురాలు, జై అనంత్ దేహద్రాయ్ అనే న్యాయవాది ఒక కుక్క కోసం కోర్టుకెక్కారు. ఒకప్పుడు ఇద్దరికీ ముద్దయిన కుక్క. పేరు హెన్రీ, రాట్‌వైలర్ జాతిది. 2025 సెప్టెంబరులో విషయం ఢిల్లీ హైకోర్టుదాకా వస్తే, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకొని తేల్చుకోరాదా అని న్యాయమూర్తి అడిగారట.

"కోర్టులకు పనిలేదు, వీరికి పొద్దుపోలేదు" అని ఒకరు తేల్చేశారు. "కుక్క తరఫున వకాల్తా ఎవరు దాఖలు చేస్తారో!" అన్నారు ఇంకొకరు. అందరూ నవ్వారు. మేమూ నవ్వబోయి ఆగిపోయాము. ఎందుచేతనంటే, అంతకు ఏడాది క్రితం స్వంత అన్నగారికే ఒక కుక్క విషయమై నోటీసు టైపు చేసిన ఘనులము మేము. ఆ సంగతి కొంచెం తరువాత చెబుతాము.

మూల కుర్చీలో కళ్ళు మూసుకొని వింటున్న ఒక పెద్దాయన మాత్రం, "నవ్వకండి నాయనా. ఈ దావా మన మర్యాదరామన్న ఎదుట ఎప్పుడో నడిచింది" అన్నారు.

నిజమే గదా! ఆ కథ తెలియని తెలుగువారు వుండరు. అయితే తరతరాలుగా ఈ చెన్నపట్నంలో స్థిరపడ్డ మన ఇళ్ళలోని పిల్లలు వినివుండకపోవచ్చు కనుక క్లుప్తంగా చెబుతాము. నలుగురు వర్తకులు ఉమ్మడిగా పత్తి వ్యాపారం పెట్టారు. కొట్టులో ఎలుకలు చేరి పత్తి పాడుచేస్తుంటే తలా కొంత వేసుకొని ఒక పిల్లిని తెచ్చారు. ఉమ్మడి సొమ్ముతో తెచ్చిన పిల్లి కనుక తలా ఒక కాలు పంచుకున్నారు. ఎవరి కాలికి వారు గజ్జెలు చేయించి పెట్టుకొని మురిసిపోయారు. ఒకనాడు ఒక కాలికి దెబ్బ తగిలింది. ఆ కాలు గలాయన నూనెగుడ్డ చుట్టి కట్టు కట్టాడు. పిల్లి దీపం దగ్గరకు పోగా గుడ్డకు నిప్పంటుకుంది. అది బెదిరి పత్తికొట్టులోకి ఉరికింది. పత్తి యావత్తూ బూడిదైంది. నీ కాలికి కట్టిన గుడ్డవల్లనే నష్టం వచ్చిందని ముగ్గురూ నాలుగోవాడి మీద ఫిర్యాదు చేశారు. రామన్న ఏమన్నాడు? దెబ్బతగిలిన కాలు నేలమీద మోపలేదు, నిప్పును పత్తిదాకా మోసుకుపోయినవి బాగున్న మూడు కాళ్ళే, కాబట్టి ముగ్గురే నాలుగోవాడికి నష్టపరిహారం ఇచ్చుకోవాలి అన్నాడు.

తీర్పు గడుసుదే. కాని మా అమ్మాయికి అయిదేళ్ళప్పుడు ఈ కథ చెబితే అది వేసిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. "మరి పిల్లి ఏమైంది నాన్నా?" అన్నది. కథలో ఆ మాట ఎక్కడా లేదు. వాదులున్నారు, ప్రతివాది వున్నాడు, పత్తి ఖరీదు వున్నది. కాలిన పిల్లి సంగతి ఒక్కరికీ పట్టలేదు.

ఈనాటి చట్టమైనా ఆ కథకంటె మరీ ముందుకు పోయినట్లు తోచదు. మన దేశంలో కుక్కగాని పిల్లిగాని చట్టం దృష్టిలో చరాస్తి. బీరువా, కుట్టుమిషను, స్కూటరు ఏ వరుసలోనో అదీ ఆ వరుసలోనే. భార్యాభర్తలు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నదానికి చట్టాలున్నవి. బిడ్డ మేలే ముఖ్యమన్న సూత్రం వున్నది. కుక్క విషయంలో అటువంటి నియమం చట్టంలో రాసిలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షను ఒకటి వున్నది. పెండ్లి సమయంలో బహుమతిగా వచ్చి దంపతులిద్దరికీ ఉమ్మడిగా చెందిన వస్తువుల గురించి కోర్టు ఏర్పాటు చేయవచ్చునని దాని సారాంశం. పెండ్లికి ఎవరైనా కుక్కపిల్లను చదివించి వుంటే, వెండి కంచంతోపాటు అదీ ఆ జాబితాలోకే వస్తుంది కాబోలు.

అన్నదమ్ములు విడిపోయేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. పంచడానికి వీలుకాని ఉమ్మడి ఆస్తిని అమ్మివేసి సొమ్ము పంచే పద్ధతి 1893 నాటి పార్టిషన్ చట్టంలోనే వున్నది. ఇంటికైతే అది బాగానే వుంటుంది. పదేళ్ళు ఇంట్లో పెరిగిన కుక్కను వేలంలో పెట్టి వచ్చిన రూపాయలు వాటా వేసుకుంటామా? ఇక 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో కొంచెం దయగల మాట ఒకటి కనబడుతుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన నష్టం తీరదనుకున్న వస్తువును, ఆ వస్తువునే తిరిగి ఇప్పించమని దావా వేయవచ్చును. తాతగారి తంబురా, ఇలవేల్పు విగ్రహం అటువంటివి. కుక్కల విషయంలో వకీళ్ళు పట్టుకొనే కొమ్మ ఇదే.

మాట మాటగా చెబితే సరిపోదు. చట్టం ఇలా వుండబట్టి ఎంతదూరం పోవలసివస్తుందో చూడండి. 2020 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదులో (ఆ ఊరికి ఇప్పుడు నర్మదాపురం అని పేరు) మూడేళ్ళ లాబ్రడార్ కుక్క ఒకటి ఇద్దరి మధ్య తగవైంది. ఒకరు నాది, దీని పేరు కోకో అన్నారు. ఇంకొకరు కాదు నాది, దీని పేరు టైగర్ అన్నారు. కుక్క ఎవరు పిలిచినా తోక ఆడించింది! పోలీసులు చేసేది లేక దాని రక్తం తీయించి డి.ఎన్.ఏ. పరీక్షకు పంపించారు. పచ్‌మఢీలో కొన్నానని ఒకరు చెప్పారు గనుక ఆ ఊరిలోని తండ్రికుక్క నమూనాను కూడా తీసుకున్నారు. కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. పచ్‌మఢీ కుక్కతో సరిపోయింది. కోకో అన్నవారికి కుక్క దక్కింది.

శాస్త్రం గెలిచింది, సంతోషమే. కాని ఆ పరీక్ష చెప్పినదల్లా కుక్క తండ్రి ఎవరని మాత్రమే. కుక్కకు ఎవరు కావాలో ఏ ప్రయోగశాల చెబుతుంది?

ఇక మా సంగతికి వస్తాము. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే వున్నది.

2015 డిసెంబరు వరదలు మరువగలిగేవి కావు. ఆ రాత్రి చూళైలోని మా పాత ఇంటి అరుగు మీదకు నీళ్ళు ఎక్కుతుంటే మా నాయనగారు తలుపు తీసి చూశారు. తడిసి ముద్దయిన కుక్కపిల్ల ఒకటి, గుప్పెడంత, మెట్టు పట్టుకొని వణుకుతున్నది. ఆయన దాన్ని తుండుగుడ్డలో చుట్టి లోపలికి తెచ్చారు. నాలుగు రోజులు కరెంటు లేదు, పాలు లేవు. మా అమ్మ గంజి వార్చి దూదితో పట్టింది. వీధికుక్కే, ఏ జాతిదీ కాదు. పేరు మణి. ఈ ఊళ్ళో ఏ వీధిలో "మణీ" అని పిలిచినా రెండు కుక్కలు, ఒక సైకిలు షాపు కుర్రవాడు పలుకుతారు. అయినా నాయనగారు ఆ పేరే ఖాయం చేశారు.

అన్నగారి కుటుంబం, మేము, అమ్మా నాయనా, అందరమూ ఆ ఇంట్లోనే వుండేవాళ్ళం. మణి ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ పుట్టలేదు. ప్రొద్దున నాయనగారితో పాలబూతుదాకా పోయేది. మధ్యాహ్నం వదినగారు అన్నం కలిపి పెట్టేది. సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వచ్చేవేళకు వీధి మొగన కూర్చునేది. అన్నగారి అబ్బాయి ఏడాదికొకసారి వేపేరి ఆసుపత్రికి తీసుకుపోయి సూదులు వేయించేవాడు. వేపేరి అంటే మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ అది. ఉత్తర మద్రాసు తెలుగు ఇళ్ళలోని కుక్కా, పిల్లీ, పాడి గేదే ఏదో ఒకనాడు ఆ గేటు దాటి రావలసినవే.

2022లో నాయనగారు పోయారు. 2024లో ఇల్లు అమ్మక తప్పలేదు. అన్నగారు విల్లివాక్కంలో, కొంచెం పెరడు గల చిన్న ఇల్లు చూసుకున్నారు. మాకు పెరంబూరులో మూడో అంతస్తులో అద్దె వాటా దొరికింది. పంపకం పెద్ద గొడవ లేకుండానే జరిగింది. గంగాళం వారికి, రుబ్బురోలు మాకు. దేవుడి మందసం అమ్మతోపాటు అన్నగారింటికి. నాయనగారి చేతిగడియారం మాకు. దస్తావేజులో చెంచాలతో సహా రాసుకున్నాము. మణిని రాయడం మరచిపోయాము.

సామాను బండి ఎక్కించే రోజున తెలిసింది. వారూ గొలుసు తెచ్చారు, మేమూ గొలుసు తెచ్చాము.

మొదట మెల్లగానే మాట్లాడుకున్నాము. "సూదులన్నీ మావాడే వేయించాడు" అన్నారు అన్నగారు. "రాత్రిపూట మా గది గుమ్మంలోనే పడుకుంటుంది" అన్నాము మేము. "మామగారు మంచాన వున్న ఆర్నెల్లు దానికి తిండి ఎవరు పెట్టారో మణినే అడగండి" అన్నది వదినగారు. అక్కడ మా ఆవిడకు కోపం వచ్చింది. ఆ ఆర్నెల్లూ నాయనగారికి పథ్యం వండిపెట్టింది తానని ఆమె బాధ. ఇంతలో కుక్కను వదిలేసి వేరే లెక్కలు బయటపడ్డవి. చివరకు ఆ రోజుకు మణి అన్నగారి వెంట విల్లివాక్కం పోయింది. మా అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు.

ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా నోటీసులు టైపు చేస్తున్న చేయి ఇది. ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని అన్నగారి పేర ఒక నోటీసు తయారుచేశాము. "సదరు మణి అను కుక్కను ఈ నోటీసు అందిన పదిహేను దినములలోగా మా స్వాధీనము చేయని యెడల" అని మొదలుపెట్టి ఒకటిన్నర పుట. నిజం చెప్పాలంటే, టైపు చేసేటప్పుడు చాలా తృప్తిగా వున్నది. పంపేముందు ఎందుకైనా మంచిదని, మన సంఘంలో అందరికీ తలలో నాలుకలా వుండే ఒక ప్లీడరుగారికి చూపించాము. వయసు ఎనభై దాటింది. కోర్టుకు పోవడం మానుకొని చాలాకాలమైంది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివారు. "భాష బాగున్నది. కుక్క ధర ఎంత?" అన్నారు.

మాకు అర్థం కాలేదు. "దావా అంటూ వేస్తే దావా విలువ వేయాలిగదయ్యా, లేకపోతే కోర్టు ఫీజు ఎట్లా కడతావు? కొన్నారా, రసీదు వున్నదా?" అన్నారు. కొనలేదండీ, వరదలో వచ్చిందన్నాము. "అయితే బజారు ధర సున్న. జాతి కుక్కయితే వేలు పలుకుతుంది. నీ మణిని అమ్మబోతే కొనేవాడు వుండడు. డబ్బుకు దొరకదు గనుకనే కావాలని వాదించవచ్చు, ఆ వాదం బలమైనదే. కాని కాగితాల మీద అది ఎవరిది? టీకాల పుస్తకం ఎవరి పేర వున్నది?"

అన్నగారి అబ్బాయి పేర వుండి వుంటుందని మేము భయపడుతూ వచ్చిన విషయం అదే. చూసుకొని రమ్మన్నారు. వాడికి ఫోన్ చేశాము. వాడికి మామీద కోపం లేదు. "చూసి చెప్తా బాబాయీ" అని ఆ అట్ట ఫోటో తీసి పంపించాడు. యజమాని పేరు అన్నచోట నాయనగారి పేరు. తొమ్మిదేళ్ళ క్రితపు మొదటి సూదినాడు, వాడి చిన్నచేతి రాతలో.

ఆ ఫోటో చూపిస్తే ప్లీడరుగారు చాలాసేపు నవ్వారు. "అయితే ఇది మీ నాయనగారి ఆస్తి. విల్లు రాయకుండా పోయారు. హిందూ వారసత్వ చట్టం, 1956. వారసులు ఎవరెవరు? మీ అమ్మగారు, మీ అన్న, నువ్వు, ఇంకెవరైనా వున్నారా?" నెల్లూరులో అక్కయ్య వున్నదన్నాము. "కూతురికీ సమానవాటా. నలుగురు వాటాదారులు, నాలుగు కాళ్ళు. రామన్న కథకు సరిపోయింది. నువ్వు ఏ కాలు తీసుకుంటావు?"

నోటీసు మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాము.

ఆయన దగ్గరే విన్న మరో కేసు సంగతి ఇక్కడ చెప్పాలి. అది మన హైకోర్టుదే, మధురై బెంచిది. 2020లో లలిత అనే ఏనుగు విషయం జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఎదుటికి వచ్చింది. ఎన్నో చేతులు మారి, విరుదునగరం ప్రాంతంలో ఒకరి దగ్గర ఇరవై ఏళ్ళుగా వుంటున్న ఆడ ఏనుగు. కాగితాలు సరిగా లేవు, ఆయనకు యజమానిగా గుర్తింపు ఇవ్వడం కుదరదని అటవీశాఖ. చట్టప్రకారం చూస్తే అటవీశాఖ మాటకు బలం వున్నది. న్యాయమూర్తి ఏం చేశారంటే, తామే స్వయంగా పోయి ఏనుగును చూశారు. బిడ్డ సంరక్షణ కేసుల్లో బిడ్డ మేలు చూసినట్లే ఇక్కడ ఏనుగు మేలు చూడాలన్నారు. అలవాటైన చోటునుంచి, అలవాటైన మనిషినుంచి లాగివేస్తే దానికి కలిగే దుఃఖం గురించి తీర్పులో రాశారు. యజమాని అన్న పట్టా ఇప్పించకుండానే ఏనుగును ఆ మనిషి దగ్గరే వుండనిచ్చారు. స్వామ్యం వేరు, సాకడం వేరు అని విడదీయడమే ఆ తీర్పులోని గొప్ప. 2023 మొదట్లో లలిత జబ్బు చేసి కూలబడితే ఆయన మళ్ళీ పోయి చూశారని కూడా పత్రికల్లో వచ్చింది. ఒకసారి తీర్పు చెప్పి చేయి కడుక్కోవడానికి ఇది గంగాళం పంపకం కాదు మరి.

అయితే అన్ని తగవులూ అట్లా మెత్తగా తేలవు. ఆండాళ్ళు పుట్టిన శ్రీవిల్లిపుత్తూరు మన తెలుగువారికి కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద మూలంగా ఆత్మీయమైన ఊరు. ఆ ఊరి దేవాలయంలోని ఏనుగు పేరు జయమాల్యత. అస్సాంవారు దానిని జయమాల అంటారు. అక్కడినుంచి ఒప్పందం మీద వచ్చిన ఏనుగు. దానిని కొడుతున్నట్లు చిత్రాలు బయటికి రావడంతో 2022లో అస్సాం ప్రభుత్వం మా ఏనుగును మాకు పంపమన్నది. మనుషులను కూడా పంపింది. తమిళనాడు ఒప్పుకోలేదు. వ్యవహారం గౌహతి హైకోర్టుదాకా పోయింది. రెండు రాష్ట్రాలు, రెండు పేర్లు, ఒక ఏనుగు! కోకో, టైగర్ కథే పెద్ద ఎత్తున.

సాకడమన్న మాట చట్టానికి తెలియదనీ అనలేము. ఆ మాట మన ఊరినుంచే చట్టంలోకి ఎక్కింది. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలుగా వుండగా జంతుహింస నివారణకు 1953లో స్వయంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూగారు హామీ ఇచ్చిన మీదట దానిని ఉపసంహరించుకున్నారు. ఆ విధంగా వచ్చినదే 1960 నాటి చట్టం. దాని కింద 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. దాని కార్యాలయం చాలా దశాబ్దాలు ఈ పట్నంలోనే వున్నది. ఆ చట్టం 3వ సెక్షను యజమాని అని ఆగిపోదు. జంతువు ఎవరి సంరక్షణలో వున్నదో వారందరికీ దాని క్షేమం చూడవలసిన విధి వున్నదంటుంది. ఇవన్నీ చదివిన తరువాత మాకు తోచినదేమంటే, వదినగారు అడిగిన ప్రశ్న అచ్చంగా 3వ సెక్షను ప్రశ్న. ఆ రోజు మాకు అది ఎత్తిపొడుపుగా వినబడింది.

విదేశాల్లో ఈ తగవులు మనకంటె ముందే ముదిరినవి. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా కోర్టు ఒకటి, విడిపోయిన భర్త కుక్కను చూడడానికి వంతులు అడిగితే, బల్లనో దీపాన్నో చూడడానికి వంతులు అడిగినట్లున్నదని తోసివేసింది. ఇప్పుడు అక్కడా గాలి మారింది. 2017లో అలాస్కా, 2019లో కాలిఫోర్నియా రాష్ట్రాలు విడాకుల వేళ పెంపుడు జంతువు బాగోగులు చూడవచ్చునని చట్టాలు చేసుకున్నవి. స్పెయిన్ దేశంలో 2022 జనవరినుంచి జంతువు వస్తువు కాదు, బాధ తెలిసిన ప్రాణి. ఇద్దరికీ కలిపి కూడా అప్పగించవచ్చును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2024 జనవరినుంచి వేరే దారి తొక్కింది. కుక్కను ఎవరు తెచ్చారు, ఎవరు చూసుకున్నారు, ఇంట్లో హింస వున్నదా, ఇంటి పిల్లలకు దానితో ఎంత చెలిమి అని అన్నీ చూడాలి. కాని ఇద్దరికీ ఉమ్మడిగా మాత్రం ఇవ్వరాదు. ఇంగ్లండులో చట్టం ఇంకా చరాస్తి అనే అంటుంది. అయినా 2024లో ఒక గోల్డెన్ రిట్రీవర్ కేసులో, ఎవరు కొన్నారన్నది కాదు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారన్నదే లెక్క అని జడ్జి దానిని భార్య దగ్గరే వుంచారు.

వంతుల పద్ధతి మాకు అంతగా రుచించదు. పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ అంటే మనుషులకు న్యాయంగానే కనబడుతుంది. కుక్క చోటును వాసనతో ఎరుగుతుంది. ముసలి కుక్కయితే మరీనూ. హెన్రీ విషయంలోనూ నెలకు పది రోజులు తన దగ్గర వుంచమని ఆమె అడిగారు. ఢిల్లీలోని సాకేత్ కోర్టు 2025 నవంబరులో మధ్యంతరంగా అందుకు ఒప్పుకోలేదు. ఆమె మళ్ళీ హైకోర్టుకు వెళ్ళారు.

మన దేశంలోనూ కొత్తమాటలు వినబడకపోలేదు. 2023లో బొంబాయి బాంద్రాలోని మేజిస్ట్రేటు ఒకరు, యాభయి దాటిన ఒక ఆమె భర్తనుంచి కోరిన మనోవర్తిలో ఆమె మూడు కుక్కల పోషణను కూడా లెక్కలోకి తీసుకున్నారు. తెగిన బంధాలవల్ల కలిగే లోటును పెంపుడు జంతువులు తీరుస్తాయన్నారు. భర్త తరఫువారు ఆ ఖర్చు చెల్లదని ఎంత వాదించినా వినలేదు. మన కోర్టుల్లో ఎక్కడైనా దంపతులు కుక్కకోసం పోట్లాడుతుంటే, ఈ బాంద్రా ఉత్తర్వు, లలిత తీర్పు వెతికి చూపించే వకీలు గట్టివాడని మా అభిప్రాయం.

ఇక మా మణి. ప్లీడరుగారి దగ్గరనుంచి వచ్చిన రాత్రి మా ఆవిడా, మేమూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాము. ప్రొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా మా వాటాలో ఎవరుంటారు? ఎవరూ వుండరు. మూడు అంతస్తుల మెట్లు, తొమ్మిదేళ్ళ కుక్క. వెనుకకాలు అప్పటికే ఈడుస్తున్నది. ఇంటిగలాయన కుక్క వద్దని ముందే అన్నాడు. మేము ఎలాగో ఒప్పిస్తామనుకున్నాము. అటు చూస్తే పెరడు వున్నది, రోజంతా వదినగారు వున్నది, అమ్మ వున్నది. రాసేకొద్దీ కాగితం ఒకవైపే నిండింది. అప్పుడు మా ఆవిడ, "మీకు కావలసింది మణి కాదు. మామగారు తెచ్చింది ఏదో ఒకటి మన ఇంట్లో తిరగాలి మీకు" అన్నది. గడియారం వున్నది గదా అన్నాము. "గడియారం నడవదుగా" అన్నది. నిజంగానే అది ఆగిపోయి చాలాకాలమైంది.

మరునాటి ఆదివారం విల్లివాక్కం పోయాము. నోటీసు అన్నగారికి చూపించాము. దాచడం ఎందుకని. ఆయన పూర్తిగా చదివి, "అక్షర దోషం ఒక్కటీ లేదురా" అన్నారు. తరువాత ఇద్దరికీ మాటలు రాలేదు. అమ్మ లోపలనుంచి, "నాకూ వాటా వున్నదటగా, నా కాలు నా దగ్గరే వుండనీయండి" అన్నది. ఈ మాట ఎవరు చేరవేశారో తెలియదు. అక్కయ్య నెల్లూరునుంచి ఫోనులో తన కాలు మా అమ్మాయికి రాసి ఇచ్చేశానన్నది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మా అమ్మాయీ, మేమూ పెరంబూరులో లోకల్ బండి ఎక్కుతాము. దూరం ఎంతో లేదు. మణి మమ్మల్ని చూస్తే లేచి రావడానికి ఇప్పుడు కొంత వ్యవధి పడుతుంది. మా అమ్మాయే ముందుగా పోయి దాని పక్కన కూర్చుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మా వెంట రావాలని అదేమీ గొడవ చేయదు. ఇది మా అమ్మాయికి కొన్నాళ్ళు కష్టంగా తోచింది.

చదువరులకు ఒక్క పని విషయం చెబుతాము. 2025లో మన కార్పొరేషనువారు పెంపుడు కుక్కలకు లైసెన్సు, ఒంట్లో చిప్పు తప్పనిసరి చేసి, లేకపోతే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఉమ్మడి కుటుంబాలవారు, ఒకే ఇంట్లో వాటాలుగా వుండేవారు ఆ కాగితం మీద ఎవరి పేరు వేస్తున్నారో ఇంట్లో అందరూ కూర్చుని అనుకొని వేయడం మంచిది. రేపు ఏ తగవు వచ్చినా ముందుగా అడిగేది ఆ కాగితమే. టీకాల పుస్తకమూ అంతే. భాగపరిష్కారం రాసుకొనేవారు గంగాళాల తరువాత ఒక వరుస దానికి కూడా కేటాయించండి. ఎవరి దగ్గర వుంటుంది, మందుల ఖర్చు ఎవరిది, తక్కినవారు ఎప్పుడెప్పుడు వచ్చి చూడవచ్చును అని. రాసుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

మణి లైసెన్సు కోసం అన్నగారి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నది మేమే. ఆ ఇంట్లో వేగంగా టైపు చేయగలవారు ఇంకెవరూ లేరు. యజమాని పేరు అన్నచోట ఎవరి పేరు వేయాలి అని అబ్బాయి అడిగాడు. తాతగారి పేరు వేయడానికి ఇప్పుడు వీలులేదు. అన్నగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా టైపు చేశాము. ఫోటోకు మణి తిన్నగా నిలబడలేదు. మా అమ్మాయి వెనుకనుంచి పట్టుకోవలసి వచ్చింది. ఫోటోలో దాని చేతివేళ్ళు కూడా పడ్డవి.